పసికూనల పందెంల నా జట్టు

ఆ జట్టు నాది. ముందుగాల ఈ మాట రాసిపెట్టి, మిగిలింది నిమ్మలంగ రాస్త. నలభై ఏడేండ్లకు అక్షరాలు దిద్దుకున్నోన్ని, నా చెయ్యి నడిచేది ఇంతే. చదివేటోళ్లు ఓపిక పట్టాలె, లేకుంటే ఇడిసిపెట్టాలె.

కార్వాన్ గోదాముల కాడ ముప్పై ఏండ్లు హమాలీ పని చేసిన. అందుల పద్నాలుగేండ్లు మేస్త్రీని. మేస్త్రీ అంటే మూట మొయ్యకుండ కేకలేసేటోడని బయటోళ్లు అనుకుంటరు. కాదు. లారీ వచ్చి నిలబడంగనె దానికి ఎవరెవరిని పెట్టాల్నో చూసుకునేటోడు. పప్పు బస్తాల లారీకి ఒక తీరు జట్టు, బెల్లం లారీకి ఇంకో తీరు జట్టు. బలమున్నోళ్లనందరిని మోతకే పెడితే, లారీ మీదికెళ్లి వీపు మీదికి బస్తా సక్కగ అందిచ్చేటోడు ఉండడు. మా గోదాం వెనుక మూల రేకులు బాగ కిందికి ఉండె. అక్కడ పొడుగోడు నడుం వంచలేక అవస్థ పడుతుండె, పొట్టోడు ఉరుకుతుండె. పొట్టోణ్ని జూసి నవ్వేటోళ్లను నేను ఆ మూలకు తీస్కపోయి చూపెట్టేది.

మోకాళ్లు పోయినంక పని ఇడిసిన. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేండ్లు అయి ఉంటది. మేము మోసిన గోదాములు ఒక సేఠ్ కుటుంబానివి. ఆ ఇంటి చిన్న కోడలు సంతోష్‌నగర్‌ల నెట్ సెంటర్ పెట్టింది. ఆమెను అందరం చిన్న సేఠానీ అంటుంటిమి. నన్ను తలుపు కాడ కుర్చీల కూసోమన్నది. ఎవరు ఏ కంప్యూటర్ మీద కూసున్నరు, ఎప్పుడు లేచిన్రు, అది నోట్‌బుక్కుల ఎక్కియ్యాలె. రాసుడు వస్తదా కాకా అని అడిగితే, వస్తదన్న. హమాలీ సంఘం ఆఫీసుల పొద్దుగాల చెప్పే క్లాసుకు పోయి తెలుగు నేర్చుకుని అప్పటికి ఐదేండ్లు. ఇంగ్లీషు రాదు. రాదని చెప్పుడుకు నాకేం సిగ్గు లేదు.

అక్కడ వచ్చేటోళ్లల్ల సగం మంది ఒక్క ఆట కోసమే వస్తుండె. వింత జంతువుల కొట్లాట ఆట. ఒక్కొక్కరు ఆరు జంతువులను పట్టుకోని వస్తరు. ఒకటి నిప్పుది, ఒకటి నీళ్లది, ఒకటి గడ్డిది, ఒకటి రాతిది, గిట్ల. ఇద్దరు రెండు కంప్యూటర్ల మీద కూసుంటరు. ఇటు ఒకటి, అటు ఒకటి ముందుకు వచ్చి నిలబడుతయి. వంతు వచ్చినప్పుడు కొట్టన్న కొట్టాలె, లేకుంటే ముందున్నదాన్ని వెనుకకు పిలిచి ఇంకోదాన్ని పంపాలె. పిలిస్తే ఆ వంతు పోతది, కొత్తగ వచ్చింది ఎదుటోని దెబ్బ తింటది. పక్కన గీత లెక్క చూపెట్టే రక్తం అయిపోతే జంతువు పడిపోతది. ఆరూ పడినోడు ఓడినట్టు.

నేను వెనుక నిలబడి చూస్తుంటి. చూసి చూసి నాకు ఒళ్లు మండింది. అందరు ఆరుగురు మొనగాళ్లనే పెట్టుకుంటున్నరు. పెద్ద రెక్కలది, పెద్ద కోరలది, నిప్పులు కక్కేది. అన్నీ కొట్టేటియే, ఒక్కటన్న దెబ్బ కాసేది లేదు. ఇది జట్టు కాదు, పెండ్లి ఊరేగింపు అని నోరు జారిన. నీకేం తెలుసు కాకా అన్నరు. సరే తియ్యి అని నేను రాసుడు మొదలువెట్టిన. చిన్న సేఠానీతోని ఒక్కొక్క జంతువు పేరు ఒక్కసారి చదివిచ్చుకుని, నా నోట్‌బుక్కుల తెలుగుల ఎక్కిచ్చిన. దేని దెబ్బకు ఏది ఓర్చుకుంటది, ఏది ఓర్చుకోదు, అన్నీ. అట్ల మూడు నెలలు పట్టింది. బొమ్మలు జూసి బటన్లు గుర్తు పట్టుకున్న.

మొనగాళ్లతోని ఆడి ఆడి అందరి ఆటా ఒక్క తీరే అయింది. అప్పుడు చిన్న సేఠానీ ఆదివారం పగటిపూట ఒక పందెం పెట్టింది. పసికూనల పందెం అని పేరు. పెద్ద జంతువులు వద్దు. గుడ్లకెళ్లి అప్పుడే వచ్చినయి, ఇంకా పెరగనియి, అవే తేవాలె. అందరియీ ఒక్కటే ఈడు. ఎవరి జట్టు వాళ్లే ఆలోచించి, కాగితం మీద సొంత చేతితోని రాసియ్యాలె. ఆ కాగితం జూసి ఆమె కంప్యూటర్ల ఎక్కిస్తది.

పెద్ద జంతువుల ఆటల తురుంఖాన్లంత ఈ ఆటల తికమక పడ్డరు. పసికూనలకు కోరలు లేవు, రెక్కలు లేవు. పెద్దగైతే గొప్పదయ్యేది చిన్నగున్నప్పుడు దూది ఉండ లెక్క ఉంటది. ఎవరూ పట్టించుకోని తాబేలు పిల్ల మాత్రం దెబ్బ మీద దెబ్బ తిని నిలబడుతది. నాకు మా గోదాం వెనుక మూల కనబడ్డది. మస్తు ఖుషీ అయిన.

కాని ఒక్క కాడ నాకూ వాళ్లకూ కుదరలేదు. వాళ్లు ఆరింట్ల ఒకదాన్ని బలికి పెట్టుకుంటరు. ముందున్నది పడిపోతే, తర్వాతది దెబ్బ తినకుండ ఫ్రెష్షుగ వస్తది గదా. అందుకని సగం రక్తమున్నదాన్ని కావాలనే ముందట ఇడిసిపెడతరు. సచ్చినంక మంచిదాన్ని దించుతరు. అది తెలివి అంటరు. నేను అట్ల చెయ్య. దెబ్బ తిన్నదాన్ని వెనుకకు పిలుస్త. నిప్పు దెబ్బ వస్తుందంటే నీళ్లదాన్ని పంపుత, నీళ్ల దెబ్బకు గడ్డిదాన్ని, గడ్డి దెబ్బకు నిప్పుదాన్ని. ఒకరి బరువు ఇంకొకరు మార్చుకుంట పోవాలె. అట్ల మార్చుకునేటందుకే నా ఆరుగురు ఉంటరు.

ఎందుకు చెయ్యవని అడిగితే అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్న. నేను మేస్త్రీగ ఉన్నప్పుడు నా జట్టుల ఒకాయన మోకాళ్లు వణుకుతున్నయన్నడు. ఈ ఒక్క లారీ కానియ్యి అన్న. లారీకి ఆనిచ్చిన పలక మీదికెళ్లి బస్తాతోని సహా కింద పడ్డడు. తుంటి పోయింది, మళ్ల బరువెత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, ఆయన ఇంటోళ్లు కూడ అనలేదు. తప్పు నాదే. దానికి సాకులు రాయను. బొమ్మ జంతువైతే ఏంది, ఓపిక అయిపోయినదాన్ని ముందట నిలబెట్టుడు నా చేతితోని కాదు.

మూడు ఆదివారాలు వరుసగ గెలిచిన. ఇగ లొల్లి మొదలైంది.

లొల్లి పెట్టింది బ్యాంకు సారు. కోస్తా దిక్కుకెళ్లి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు, నలభై లోపు మనిషి, ఆదివారం ఇస్త్రీ అంగీతోని వస్తుండె. ఆటల అందరికన్న పెద్ద తెలివి ఆయనదే, అది నేను ఒప్పుకుంట. నా చేతిల ఓడినంక లేచి, చాలా మర్యాదగ, తప్పుగా అనుకోకండి పెద్దాయనా అన్నడు. నేను ఆడుతున్ననంట గని, జట్టు కట్టేది నేను కాదంట. ఇంగ్లీషు అక్షరం రానాయన ఇన్ని జంతువుల లెక్క ఎట్ల పట్టుకుంటడు, చిన్న సేఠానీనే ఆలోచించి చెప్తుంది, ఈయన కాగితం మీదికి ఎక్కిస్తుండు, అంతే అన్నడు. కాగితాలన్నీ చూసేది ఆమెనే గదా అని కూడ అన్నడు.

చిన్న సేఠానీ మొఖం ఎర్రగైంది. నేనెప్పుడు చెప్పిన అని హిందీల, తెలుగుల రెండిట్ల కొట్లాడింది. మిగిలినోళ్లు మాట్లాడలేదు. మాట్లాడకుంటే ఏందో నాకు తెల్వదా? వాళ్ల మనసుల కూడ అదే ఉండె. ముసలోని దగ్గర ఓడినమని చెప్పుకునుడుకంటె సేఠానీ దగ్గర ఓడినమని చెప్పుకునుడు వాళ్లకు తేలికగ ఉంటది.

నాలుగో ఆదివారం బ్యాంకు సారు షర్తు పెట్టిండు. అందరి ముందట నేను కొత్త జట్టు కట్టాలె. నోట్‌బుక్కు ముట్టొద్దు. తాబేలు పిల్లను పెట్టొద్దు, ఎందుకంటే నా పాత జట్టుకు అదే గుంజ. నేను రాసేటప్పుడు, ఆడేటప్పుడు చిన్న సేఠానీ బయట మెట్ల మీద కూసోవాలె. కట్టలేకపోతే పందెంలకెళ్లి నా పేరు తీసెయ్యాలె. చిన్న సేఠానీ నన్ను పక్కకు పిలిచి, ఫికర్ చెయ్యకు కాకా, ఈ వారం ఆడకు, వాళ్లే మర్చిపోతరు అన్నది. మంచి మనసుతోనే అన్నది. నేను కాగితం అడిగిన.

రాసుడు నాకు ఎట్లుంటదో చెప్పినా అక్షరాలు చిన్నప్పుడే నేర్చినోళ్లకు తెల్వదు. చెయ్యి బస్తా గుంజే కొక్కెం పట్టుకున్నట్టే పెన్ను పట్టుకుంటది. ఒక్కొక్క ఒత్తు కాడ ఆగాలె. ఆరు జంతువులు, ఒక్కొక్కదానికి అది కొట్టే నాలుగు దెబ్బల పేర్లు. ముప్పావు గంట పట్టింది. ఆటో నడిపే భాయ్ ఒకాయన ఆటకు వస్తుండె, అందరిని నవ్విచ్చేటోడు. కాకా, చాయ్ తాగొద్దమా, భోజనం చేసొద్దమా అని అడిగిండు. నీ పెండ్లి చేసుకోని రా, అప్పటికి అయిపోతది అన్న. చెప్పు నేను రాస్త అని ఇంకొకాయన పెన్నుకు చెయ్యి పెట్టబోతే ఆ చెయ్యిని పక్కకు నూకిన.

తాబేలు లేదంటే నీళ్ల దెబ్బలు, నిప్పు దెబ్బలు కాసేదెవరు? ఒక్కదాన్ని మార్చి ఊకుంటే జట్టంత కూలుతది. అందుకని మొత్తం ఇప్పేసిన. పాత జట్టుల నిప్పుది కోడిపిల్ల, దాన్ని ఒక్కదాన్ని ఉంచిన. బురదల పొర్లే ఒక ముద్ద ఉండె, మొఖం మంచిగ లేదని ఎవరూ ముట్టరు. దాన్ని తీసుకున్న. నిప్పు దానికి సగమే తగులుతది, కరెంటు దెబ్బ అసలు తగలదు. దాని భయాలు కాసేటందుకు గడ్డి పిల్లను, గడ్డి పిల్ల భయం కాసేటందుకు గబ్బిలం పిల్లను, గిట్ల ఒక్కొక్కటి కట్టుకుంట పోయిన.

బ్యాంకు సారు కాగితం తీసుకోని నిలబడి చదివిండు. లోపల ఉన్నోళ్లల్ల తెలుగు గడగడ చదివేది ఆయనొక్కడే.

"ఇందులో బలికి పెట్టింది ఏదండీ?" అన్నడు.

"లేదు."

"లేకపోతే ఎలాగండీ? ఆరింట్లో ఏదో ఒకటి పోవాల్సిందే కదా."

"పోతే పోతది సారూ. నేను పంపియ్య."

ఆయన తల ఊపిండు గని నమ్మలేదు. తాబేలు లేకుంటే ఏం చెయ్యాల్నో కూడ ఆమె ముందే నేర్పిచ్చి ఉండొచ్చన్నడు. అట్ల అంటే ఇగ నేనేం చెయ్యాలె? ఆడదం కూసో అన్న. చిన్న సేఠానీ బయట ఉన్నదని, కాగితం జూసి ఆయనే నా జట్టును కంప్యూటర్ల ఎక్కిచ్చిండు.

ఆట పొడుగు పోయింది. నేను పిలుస్తుంటి, పంపుతుంటి. ఆయన కొడుతుండె. ఆయన రెండింటిని బలికి ఇడిసిండు, ఇడిసిన ప్రతిసారి లాభం తీసిండు. ఆఖరుకు నా దిక్కు ఇద్దరు మిగిలిన్రు, కోడిపిల్ల, బురద ముద్ద. ఆయన దిక్కు ఒక్కటే, రాతి పిల్ల, దానికి కూడ సగం రక్తమే ఉన్నది. నా ముందట నిలబడింది కోడిపిల్ల. వెంట్రుకంత రక్తం ఉండె. బురద ముద్ద వెనుక పూర్తి బలంతోని ఉన్నది.

వెనుక నిలబడ్డోళ్లందరికీ లెక్క అర్థమైంది. కోడిపిల్లను పోనిస్తే బురద ముద్ద దెబ్బ తినకుండ వస్తది, రెండు దెబ్బలకు రాతి పిల్లను పడగొడుతది. ఇడిసెయ్ కాకా, ఇడిసెయ్ అని ఒక్కటే గోల. నాకు లెక్క తెల్వదా? వాళ్లకంటె ముందే తెలుసు. నా వేలు బటన్ మీద ఉండె. కోడిపిల్లను వెనుకకు పిలిచిన.

బురద ముద్ద వస్తూనే రాతి దెబ్బ తిన్నది. రాతి పిల్ల చురుకుది, ప్రతి వంతుల ముందు అదే కొడుతది; బురద ముద్ద ఒకటి కొట్టేసరికి ఇంకో రెండు తిన్నది. ఆ రెండో దెబ్బకు పడిపోయింది. రాతి పిల్లకు ఇంకొంచెం రక్తం మిగిలింది. అప్పుడు మళ్ల కోడిపిల్లనే రావాల్సి వచ్చింది. అది కొట్టేలోపల్నే రాతి పిల్ల కొట్టింది. అయిపోయింది. నేను పిలిచినందుకు కోడిపిల్ల బతికిందా అంటే, లేదు. ఉన్నదున్నట్టు రాస్తున్న.

బ్యాంకు సారు గెలిచినోని లెక్క లేవలేదు. నా దిక్కు తిరిగి కూసున్నడు.

"ఆ కోడిపిల్లని వదిలేసుంటే గెలిచేవారు కదండీ."

"ఇడువ."

"సేఠానీగారు నేర్పితే వదిలెయ్యమనే నేర్పేవారు. ఎవరైనా అదే నేర్పుతారు. నేనైనా అంతే." కాగితం తిరిగి నా చేతిల పెట్టిండు. "టీం మీదేనండి. నేను పొరబడ్డాను."

ఆ మాట పోయిన ఆదివారమే అంటే నా ముప్పావు గంట మిగిలేది అన్న. ఆయన నవ్విండు, నేను నవ్వలేదు. నేను ఇంకా కోపంల ఉన్న.

ఆటో భాయ్ ఊకుంటడా? కాకా, ముష్టి కోడిపిల్ల కోసం గెలిచే ఆట ఓడిపోయినవ్ గదా అన్నడు. అప్పుడు నేను కుర్చీల నుంచి లేచి అందరి దిక్కు జూసిన.

"ఎవరు ఓడిన్రు?"

"నువ్వే గదా కాకా."

"సేఠానీ ఓడలేదా? మూడు వారాలు గెలిచింది ఆమెనట గదా. ఇయ్యాల ఓడింది మాత్రం నేనా?"

ఆటో భాయ్ తల గోక్కున్నడు. చిన్న సేఠానీ మెట్ల మీదికెళ్లి లోపలికి వచ్చి, ఏమైందని అడిగింది. ఓడిన అని చెప్పిన. ఆమె చాక్‌పీసు తీసుకోని పందెం లెక్క రాసే బోర్డు మీద ఓడినోళ్ల దిక్కు నా పేరు రాసింది. దగ్గరికి పోయి చదువుకున్న. నా పేరే, తప్పు లేదు. పోయి తలుపు కాడ కుర్చీల కూసున్న.