శాన్ నికొలస్ దీవిలో తల్లి నక్క

మార్చి మొదటి వారంలో ఒక ఉదయం, తొమ్మిదింబావుకి మా విమానం శాన్ నికొలస్ దీవిలో దిగింది. మొత్తం పద్దెనిమిది మందిమి. తలుపు తెరవగానే గాలి నా టోపీని ఎత్తుకుపోయింది. అది మళ్ళీ దొరకలేదు.

దక్షిణ కాలిఫోర్నియాకి ఎదురుగా సముద్రంలో ఎనిమిది దీవులున్నాయి. తీరానికి అన్నిటికంటే దూరంగా ఉండేది ఇదే. పొడవు తొమ్మిది మైళ్ళు, వెడల్పు మూడు. పైనంతా బల్లపరుపు నేల. అంచుల్లో ఇసుక దిబ్బలు. కింద ఒడ్డున సీల్స్ రోజంతా ఏదో తగువులో ఉన్నట్టు అరుస్తుంటాయి. దీవి మొత్తం నేవీ చేతిలో ఉంది, మామూలు జనాన్ని రానివ్వరు. రన్‌వేకి వెళ్ళే రోడ్డు ఆరు నెలల్లో బాగుచేయాలని మాకు ఉత్తర్వు.

నేను అంతకుముందు శాంటా క్లారాలో ఏడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. భార్య ద్వారా గ్రీన్ కార్డ్ వచ్చాక, ముప్పైమూడో ఏట నేవీ నిర్మాణ దళంలో చేరాను. ఇది పిచ్చి అని స్నేహితులందరూ తేల్చేశారు. నాకు మాత్రం మట్టీ రాళ్ళూ ఎత్తే లోడర్ నడపడం బాగా నచ్చింది. సాయంత్రానికి ఎంత పని అయిందో కళ్ళతో చూసుకోవచ్చు.

దిగిన గంటకే మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టి నక్కల గురించి చెప్పారు. చెప్పినామె దీవిలో జంతువుల సంగతి చూసే జీవశాస్త్రవేత్త, మేఘన. ఈ దేశంలోనే, హెర్న్‌డన్ అనే ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల. ఈ నక్కలు ప్రపంచంలో ఈ దీవుల్లో తప్ప ఎక్కడా లేవని, ఎనిమిదింటిలో ఆరు దీవుల్లో ఉన్నాయని, ఏ దీవి నక్క ఆ దీవిదేనని చెప్పింది. రోడ్డు మీద వేగం గంటకి ఇరవై మైళ్ళు, పొగమంచులో పది. నక్కని గుద్దితే ఆ నిమిషంలోనే రేడియోలో చెప్పాలి. వేగం మీరి గుద్దినవాడి డ్రైవింగ్ పర్మిట్ నెల రోజులు పోతుంది. రికార్డులో రాస్తారు.

గది ఖాళీ అయ్యాక నా దగ్గరికొచ్చి, నేమ్ ట్యాగ్ చూసి, "మీరు తెలుగా? నా తెలుగు బ్యాడ్, అన్నా. ప్రాక్టీస్ చేస్తా మీతో," అంది.

నక్క అంటే మన భాషలో జిత్తులకి మారుపేరు. ఈ నక్కకి ఆ జిత్తులేమీ తెలియవు. పిల్లి కంటే పెద్దదేం కాదు. వీపు బూడిద రంగు, చెవుల వెనక, కాళ్ళ మీద దాల్చినచెక్క రంగు. మనిషంటే భయం లేదు. మేం తారు పోస్తుంటే పది అడుగుల దూరంలో కూర్చుని చూసేది. మా మెకానిక్, టెక్సస్ మనిషి, వాటిని ఇన్‌స్పెక్టర్లు అనేవాడు.

జూన్‌లో పొగమంచు వచ్చింది. పొద్దున్న తొమ్మిదైనా బానెట్ అవతల ఏమీ కనపడేది కాదు. రెండో వారం, ఒక మంగళవారం, ఆరూ పదికి పికప్ నడుపుతున్నాను. పక్కన మెకానిక్. ఎనిమిదింటికల్లా రోడ్డు మలుపులో ఉన్న పాత డ్రైనేజీ పైపుల గుట్టని లోడర్‌తో తీసెయ్యాలి. ఆలస్యమవుతోందని తొందర. స్పీడోమీటర్ ఇరవై నాలుగు చూపిస్తోంది. ఆ సంగతి నాకు తెలుసు.

చప్పుడు చాలా చిన్నది. పుస్తకం కింద పడ్డంత.

నక్క రోడ్డు పక్కన పడి ఉంది. ఊపిరి ఆడుతోంది. వెనక కాలు ఒకటి వంకరపోయింది. మెకానిక్ తన జాకెట్ తీసి దాని మీద కప్పాడు. నేను రేడియో పట్టుకుని నిలబడ్డాను. జూలైలో నా పౌరసత్వం ఇంటర్వ్యూ ఉంది. రికార్డులో మచ్చ ఉంటే అడుగుతారేమో, ఆపేస్తారేమో, ఇంట్లో ఏం చెప్పుకోవాలి? ఆ పొగమంచులో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. సిగ్గుగా ఉన్నా ఒప్పుకుంటాను, రెండు నిమిషాలు ఆలోచించాను.

మెకానిక్ నన్ను తొందరపెట్టలేదు. "రేడియో నీ చేతిలో ఉంది," అన్నాడు, అంతే. ఏ బండిలో ఉన్నా రేడియోలో నా పేరు లోడర్ టూ.

"బేస్, ఇది లోడర్ టూ. నక్కని గుద్దాను. నాలుగో మైలు రాయి దగ్గర. బతికుంది. స్పీడ్ ఇరవై నాలుగు."

"లోడర్ టూ, కదలకు. ఆమె వస్తోంది."

మేఘన పన్నెండు నిమిషాల్లో వచ్చింది. నక్క మూతికి గుడ్డ చుట్టి, కాలు చూసింది. పొట్ట తడిమి, అక్కడే చెయ్యి ఆపింది.

"అన్నా, ఇది మదర్. పాలు ఉన్నాయి. పిల్లలు ఎక్కడో వెయిట్ చేస్తున్నాయి. ఎటు నుంచి వచ్చింది?"

ఎడమ వైపు నుంచి. ఎడమ వైపు రెండు వందల గజాల దూరంలో ఉన్నది ఒక్కటే. పైపుల గుట్ట. ఆ పొద్దున నేను నోరు మూసుకుని ఉంటే, ఎనిమిదింటికి లోడర్ బకెట్‌తో దాన్ని పిల్లలతో సహా నేనే ఎత్తేవాణ్ణి.

మా చీఫ్‌ని పిలిచి విషయం చెప్పాను. గడియారం చూసుకుని, పని ఆపేశాడు. పైపులు ఎక్కడికీ పారిపోవు అన్నాడు. తర్వాత నా పర్మిట్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తల్లి నక్కని తొమ్మిదిన్నర విమానంలో అవతలి ఒడ్డున ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి పంపారు. డ్రైవింగ్ లేని నన్ను మేఘనకి సాయంగా ఇచ్చారు.

గుట్టకి వంద గజాల దూరంలో బోర్లా పడుకున్నాం. రెండు బైనాక్యులర్లు, ఒక ఫ్లాస్కు, నా చేతిలో నోట్‌బుక్. సాయంత్రం నాలుగూ నలభైకి ఒక పైపులోంచి మూడు తలలు బయటికొచ్చాయి. ముదురు రంగు, పెద్ద చెవులు. కాసేపు చూసి లోపలికెళ్ళిపోయాయి.

ఈ నక్కల్లో తండ్రి కూడా పిల్లల్ని పెంచుతుందట. తల్లి లేకపోయినా సాకగలదు, పిల్లలు మాంసం తినే వయసుకొచ్చాయి కాబట్టి. కానీ ఆ తండ్రి బతికి ఉందో లేదో మేఘనకి తెలియదు. మర్నాడు మధ్యాహ్నం దాకా చూస్తానంది. రాకపోతే పిల్లల్ని పట్టి ఒడ్డుకి పంపాలి. "మనుషులు పెంచితే మళ్ళీ వైల్డ్‌లో ఉండలేవు, అన్నా. అది లాస్ట్ ఆప్షన్."

మర్నాడు ఐదున్నరకే వెళ్ళి పడుకున్నాం. ఆ పొద్దున పొగమంచు పల్చగా ఉంది, గుట్ట కనిపిస్తోంది. ఏడైంది. ఎనిమిదైంది. చొక్కా మంచుకి తడిసి ఒంటికి అంటుకుంది. పిల్లలు రెండుసార్లు బయటికొచ్చి రోడ్డు వైపు చూశాయి. నేను బైనాక్యులర్స్ దించేశాను. చూడలేకపోయాను.

ఎనిమిదీ యాభైకి మేఘన నా మోచెయ్యి పట్టుకుంది.

మా వెనక నుంచి ఇంకో నక్క వచ్చింది. మా బూట్ల పక్కగా, తొందరేమీ లేకుండా నడిచి వెళ్ళింది. నోట్లో ఒక ఎలుక. గుట్ట దగ్గర ఎలుకని కింద పెట్టి, చిన్నగా మూలిగింది. మూడూ ఒక్కసారిగా దాని మీద పడ్డాయి.

"డాడ్ వచ్చాడు," అంది మేఘన. ముఖం పక్కకి తిప్పుకుంది. నేను నోట్‌బుక్‌లో టైం రాశాను.

పైపుల గుట్ట చుట్టూ చీఫ్ తాడు కట్టించాడు. రోడ్డుని అక్కడ ముప్పై అడుగులు పక్కకి జరిపాం. ఆ నెలంతా నేను పార పట్టుకుని పని చేశాను.

జూలైలో ఇంటర్వ్యూకి లాస్ ఏంజెలెస్ వెళ్ళాను. అడక్కముందే జరిగింది చెప్పేశాను. ఆఫీసరు పెన్ను కింద పెట్టి, "ఆ నక్క బతికిందా?" అని అడిగింది. బతికిందని, కాలికి రాడ్ వేశారని చెప్పాను. తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది. పాసయ్యానని ఫోన్‌లో చెబితే మా ఆవిడ, నక్క తోక తొక్కినట్టున్నావు అంది. మామూలుగా అయితే నవ్వేవాణ్ణే.

ఆగస్టు చివర డ్యూటీ ముగిసింది. తర్వాతి ఏడు నేవీ నుంచి బయటికొచ్చి, శాంటా క్లారాలోనే రోడ్లు వేసే కంపెనీలో చేరాను. వీకెండ్ కలిసినప్పుడు స్నేహితులు ఆ నక్కల్ని ఎక్కడ చూడొచ్చని అడుగుతుంటారు. శాన్ నికొలస్‌కి మిమ్మల్ని రానివ్వరు, వెంచురాకి డ్రైవ్ చేయండి అంటాను. అక్కడ శాంటా క్రూజ్ దీవికి పడవ బుక్ చేసుకోండి. గంట పైన ప్రయాణం, దారిలో డాల్ఫిన్లు పక్కనే వస్తాయి. దిగిన చోట క్యాంప్ బల్లల దగ్గర నిశ్శబ్దంగా కూర్చుంటే నక్కే మీ దగ్గరికి వస్తుంది. తిండి పెట్టొద్దు, పులిహోర డబ్బా మూత బిగించి పెట్టుకోండి. తల ఎత్తితే ముదురు నీలం జే పిట్ట కనిపిస్తుంది. అది ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క దీవిలోనే ఉంది. వసంతంలో అయితే అనకాపా దీవికి వెళ్ళండి, అడుగడుక్కీ సముద్రపు కాకుల గూళ్ళే. సీల్స్ వందల కొద్దీ కావాలంటే శాన్ మిగెల్. దూరం, చాలా నడవాలి, పిల్లలతో కష్టం.

ఇవన్నీ అడిగినవాళ్ళకి చెబుతాను. నాకు మాత్రం ఎప్పుడూ కనబడేది శాన్ నికొలస్‌లో ఆఖరి రోజు.

నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన విమానంలోనే కాలు నయమైన ఆ నక్కని తెచ్చారు. మేఘన బోనుని రోడ్డు మలుపు దాకా మోసుకొచ్చింది. తలుపు నన్ను తియ్యమంది. తీశాను. తల్లి నక్క వెంటనే బయటికి రాలేదు. ముక్కు బయటపెట్టి గాలి పీల్చింది. తర్వాత నాలుగు కాళ్ళ మీదా, ఒకటి కొంచెం ఈడుస్తూ, గడ్డిలోకి నడిచింది. వెనక కాలి మీద డాక్టరు గొరిగిన చోట కొత్త బొచ్చు వస్తోంది, నలుపు గోధుమ రంగుల్లో. ఎండ పడి ఆ ముక్క ఒక్కటే మెరుస్తోంది. పదడుగులు వెళ్ళి కూర్చుంది. ఎదురుగాలికి కళ్ళు సగం మూసుకుని, చెవి గోక్కుంది.