కూర్చోబెట్టడానికి ఎంతవుతుంది?

మా మేనత్త పోయిందని రేపల్లె నుంచి ఫోన్ వచ్చేసరికి నేను తెనాలిలో, ఆఫీసులో ఉన్నాను. బస్సు దిగి వాళ్ళింట్లో అడుగుపెట్టేటప్పటికే ఒక బంధువు మామయ్యను నిలదీస్తున్నాడు. "హైదరాబాదు తీసుకెళ్ళలేదంటగా, ఏంటి కారణం?" మామయ్య తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనవాళ్ళకు ప్రేమంటే పెద్దాసుపత్రి బిల్లే. అందుకే ఈ నాలుగు మాటలూ మీతో చెప్పుకోవాలనిపించింది.

అత్త హిందీ టీచరు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బు ముందు ఆవిడ కాళ్ళు లాగేసుకుంది, తర్వాత చూపు మసకబార్చింది. కాళ్ళు కొయ్యబారినప్పుడు నొప్పికి పళ్ళు బిగపట్టేది. కాస్త తెరిపిన పడగానే మంచం చుట్టూ ట్యూషన్ పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాఠం చదివించేది. ఎవరైనా తప్పు చదివితే, "చూపు పోయింది నాకా, నీకా?" అని నవ్వేది.

సిటీలో ఖరీదైన ఇంజెక్షన్లు ఉన్నాయని ఎవరో చెప్పగానే మామయ్య సంగం జాగర్లమూడి పొలం బేరం పెట్టేశాడు. తెనాలి డాక్టరుగారు మాత్రం, "ఈ దశలో వాటివల్ల పెద్దగా ఫలితం ఉండకపోవచ్చండి. ఆ ఖర్చులో కొంత పెట్టి నొప్పికి, బిగుతుకి మందులు వాడండి. ఇంటికొచ్చే నర్సుని, ఫిజియోథెరపీని చూసుకోండి. ఆవిడ రోజు సుఖంగా గడుస్తుంది" అన్నారు. మామయ్యకు ఆ మాట మింగుడు పడలేదు. అత్తే తేల్చేసింది.

"నన్ను నడిపించడానికి పొలం అమ్మకండి. కూర్చోబెట్టడానికి ఎంతవుతుందో అడగండి."

అలాగే చేశారు. బాపట్లలో రిటైరై రేపల్లెలో కూతురి దగ్గరుంటున్న ఒక నర్సమ్మ రోజూ వచ్చేది. అత్త దిండ్లకు ఆనుకుని కూర్చుంది, కంటినిండా నిద్రపోయింది, చివరివారం దాకా పాఠం చెప్పింది. దాన్ని చవక వైద్యమంటే నేనొప్పుకోను. అయినా నా మనసూ పూర్తిగా కుదుటపడలేదు.

పెద్దకర్మ మర్నాడు మామయ్య అడిగాడు.

"ఆ ఇంజెక్షన్లు చేయిస్తే ఇంకో ఏడాది ఉండేదంటావా?"

"అత్త అడిగిందే చేశారు కదా మామయ్యా."

"అది నిజమేరా. నేనడిగింది అది కాదు."

బాపట్లలో మంచం పట్టిన మరొకరికి ఇద్దామని, ఆ సాయంత్రం, ఒంటికి పుళ్ళు పడకుండా అత్తకు వేసిన వాటర్‌బెడ్‌ మూత తీసి, గొట్టం పెట్టి నీళ్ళు పెరట్లోకి వదిలాం. మామయ్య వంగి ఆ నీళ్ళకింద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"ఇంకా వెచ్చగానే ఉన్నాయిరా" అన్నాడు.

కిటికీలోంచి ఎండ పడిందిగా, అనబోయాను. మానేసి నేనూ ఆయన పక్కనే వంగి చెయ్యి పెట్టాను.