ఖాళీ బుట్ట చెప్పిన అబద్ధం

ఆవిడ ఉద్యోగం పురుగులకు సంబంధాలు చూడటమని వాళ్ళాయన అందరికీ చెప్పి నవ్వించేవాడు. మరీ అబద్ధమేం కాదు. పరిశోధన కేంద్రం మేడమీది గదిలో, కిటికీ పక్క కంప్యూటర్లో ఆవిడ కాయ తొలిచే పురుగుల సంతతిని లెక్కగట్టేది. తెరమీద ఎర్రచుక్క ఆడది, నీలిచుక్క మగది. ఆడది వాసన వదిలితే, మగది గాలికి ఎదురెగిరి వెతుక్కుంటూ వస్తుంది. ఆపైన పెళ్ళి, గుడ్లు, చివరికి కాయకు చిల్లు. ఆఫీసులో ఆవిడను పురుగులమ్మ అనేవారు. ఆవిడా ఠక్కున పలికేది.

ఆ ఏడు బావగారు, అంటే భర్త అన్నగారు, ఆవిడ మాట మీదే టమాటా తోటలో లింగాకర్షక బుట్టలు కట్టారు. అందులో ఆడపురుగు వాసన పట్టించిన ఎర ఉంటుంది. మగపురుగు మోసపోయి వచ్చి పడుతుంది. బుట్ట ఖాళీగా ఉందంటే తోటలో పురుగు లేనట్టేనని, మందు జోలికి పోవద్దని ఆవిడే ధీమాగా చెప్పింది. మూడో వారానికి ఒక్కటీ పడలేదు. బావగారు మందు డబ్బాలు పక్క తోటవాళ్ళకిచ్చేసి, మరదలి తెలివిని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నారు.

ఆ పొగడ్తకు ఉబ్బితబ్బిబ్బై ఆవిడ అదే తోటను కంప్యూటర్లో చుక్కలుగా వేసి ఆడించి చూసింది. ఆడవాటి సంఖ్య పెంచేకొద్దీ బుట్టలో పడేవి తగ్గుతున్నాయి. మూడుసార్లు ఆడించినా అదే తంతు. అన్నం డబ్బా కూడా తెరవకుండా స్కూటరెక్కి నేరుగా తోటకు వెళ్ళింది.

"బావగారూ, నేను తప్పు చెప్పాను. ఎదురుగా అంతమంది పెళ్ళికూతుళ్ళుంటే ఫోటో వెంట ఎవడు పడతాడు? ఆడవి ఎక్కువైనా బుట్ట ఖాళీగానే ఉంటుంది."

ఆయన మొహం చిన్నబోయింది. అంతమందికి చెప్పుకున్న మాట మరి. గొంతుక్కూర్చుని ఓ ఆకు తిప్పారు. ఆవగింజలో సగం లేని తెల్లటి గుడ్లు. పక్క మొక్కకూ ఉన్నాయి, ఆ పక్కదానికీ ఉన్నాయి. ఇంకా పగల్లేదు, అదే అదృష్టం. ఇచ్చేసిన డబ్బాలను ఆయన సిగ్గు విడిచి అడిగి తెచ్చుకున్నారు. గట్టువార కొన్ని కాయలు పోయినా తోట గట్టెక్కింది.

కోతలనాడు పక్క తోటవాళ్ళు వచ్చి, మీ మరదలి మాట నమ్మి మేమూ బుట్టలు కట్టొచ్చా అని అడిగారు. గంపలో కాయలు సర్దుతున్న ఆవిడ తలెత్తలేదు.

"మా మరదలు తప్పు చెప్పింది," అన్నారు బావగారు. "తప్పని తెలిసిన గంటలో పరిగెత్తుకొచ్చి, అదీ తనే చెప్పింది. కట్టుకోండి."