కొవ్వు పొరల గుట్టు విప్పిన కరుణమ్మ గారు

డాక్టర్ కరుణమ్మ గారు జగ్గయ్యపేటలోని తమ ఇంట హఠాత్తుగా కన్నుమూశారన్న దుర్వార్త నందిగామ చేరేసరికి నేను మా కళాశాల ప్రయోగశాలలో విద్యార్థుల చేత ప్రయోగాలు చేయిస్తున్నాను. చేతిలోని గాజుగొట్టం బల్ల మీద పెట్టి కూర్చుండిపోయాను. ముందురోజే ఆ బల్ల దగ్గర నిలబడి, వేళకు భోజనం చేయడం లేదని నన్ను మందలించారు.

బడిపంతులు గారి కుమార్తె అయిన ఆమె, నేను ఈ కళాశాలలోనే చదువుకునే రోజుల్లో మాకు రసాయనశాస్త్రం బోధిస్తూనే పరిశోధనకు పూనుకున్నారు. నీటిలో కలవని కొవ్వును మన దేహం ఎలా జీర్ణం చేసుకుంటుందన్నదే ఆమెను పట్టుకున్న ప్రశ్న. గుడ్డుసొన నుంచి తీసిన కొవ్వు పదార్థం నీరు తగిలితే పొరలు పొరలుగా అమరుతుంది. ద్రవంలా జారుతుంది, స్ఫటికంలా క్రమం తప్పదు. ఆ ద్రవస్ఫటికం రెండు పోలరాయిడ్ రేకుల నడుమ, సూక్ష్మదర్శినిలో వెలుగుతూ కనిపిస్తుంది; పొరలు చెదిరితే ఆ వెలుగూ పోతుంది. క్లోమంలోని ఎంజైము ఆ పొరలను ఛేదించడం కళ్లారా చూడాలని ఆమె తపన.

మేక క్లోమాన్ని జగ్గయ్యపేటలోనే కొని, మంచు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని నందిగామ బస్సెక్కేవారు. ఒకనాడు చిల్లకల్లు దగ్గర బస్సు చెడిపోయింది. ఎండకు ఎంజైము పాడవుతుందని సోడా కొట్టులో మంచుముక్క అడిగారట. కొట్టతను, "కూర పాడైపోద్దనా అండీ?" అన్నాడు. "కూర కాదు బాబూ, పాఠం" అన్నానని ఆమే చెప్పి నవ్వేవారు.

నెలలు గడిచినా పొరలు చెదరలేదు. అంశం మార్చుకోమని పెద్దలు హితవు చెప్పారు. ఆమె మాత్రం, అంత గట్టిగా ఒదిగిన పొరల్లో ఎంజైముకు చోటెక్కడిదని యోచించి, కొవ్వును వదులు చేసే పైత్యరసం కొద్దిగా చేర్చారు. ఆ మధ్యాహ్నం వెలుగు అంచుల నుంచి మెల్లగా చెదిరిపోయింది. అందరినీ పిలవడానికి పరుగెత్తబోయిన నన్ను చేయి పట్టి ఆపారు.

"ఆగమ్మా. ఇది ఎంజైము చేసిందో, పైత్యరసమే చేసిందో, దీపం వేడికి కరిగిందో నాకింకా తెలీదు."

క్లోమరసాన్ని మరిగించి, ఎంజైమును నిర్వీర్యం చేసి, అదే పైత్యరసంతో, అదే దీపం కింద మళ్లీ చూశారు. ఈసారి వెలుగు చెదరలేదు. అంటే ఆ పని చేసింది ఎంజైమే. ఆమె కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. "ఇప్పుడు పిలువమ్మా అందర్నీ."

"మన ఆశ నిజమో కాదో తేలాలంటే, అది తప్పయ్యే దారి కూడా మనమే వెతకాలి" అని తరగతిలో తరచు చెప్పేవారు. డాక్టరేటు వచ్చిన మర్నాడు కూడా ఎప్పటిలాగే పాఠం చెప్పారు.

ఆ విదుషీమణి లేని లోటు పూడ్చడం ఎవరి తరమూ కాదు. ఆమె స్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. నిన్న కీసర నుంచి వచ్చే విద్యార్థిని ఒకతె నా దగ్గరకు వచ్చి, పసిపిల్లలు తాగే పాలలో కొవ్వు ఎలా విడిపోతుందో తాను చూడవచ్చా అని అడిగింది. సూక్ష్మదర్శిని ఉన్న బీరువా తాళంచెవి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.