తొమ్మిదో నంబరు సాలెపురుగు

రాసుకుంటున్నావా పాపా? ఆ రోజుల్లో ఫోటో అంటే మాటలు కాదు. రీలుకు పన్నెండే బొమ్మలు. ఒక్కొక్క దానికీ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. (ఊపిరి వదిలితే బొమ్మ అలుక్కుపోతుందని మా అమ్మ నమ్మకం.)

నాకప్పుడు పదహారేళ్లు. మా అక్క కొడుక్కి కొండ మీద పుట్టెంట్రుకలు తీయించాలని అక్కా బావా బంగారుపాళ్యం నుంచి తిరుపతికి, మా ఇంటికి వచ్చారు. బావ మెడలో డబ్బా కెమెరా. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని వచ్చీరాగానే చెప్పేశాడు. నేనేమో వారం రోజులుగా పెరట్లో కనకాంబరం చెట్ల మధ్య గూడు కట్టిన సాలెపురుగును చూస్తున్నాను. ఒంటి మీద పసుపు చారలు, తలకిందులుగా వేలాడుతూ ఎంత దర్జా! మధ్యాహ్నం బావ నిద్రపోతుంటే కెమెరా ఎత్తుకుపోయాను. దగ్గరి వస్తువులు దాంట్లో మసకగా పడతాయని బావే చెప్పాడు కాబట్టి, తాత పంచాంగం చూసుకునే భూతద్దాన్ని కెమెరా కంటికి అడ్డం పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని నొక్కాను. వెనక ఎర్ర కిటికీలో తొమ్మిదో నంబరు కనిపిస్తోంది. చక్రం తిప్పితే కదా పది వచ్చేది, రీలు ఖర్చయ్యేది! నేను తిప్పనే లేదు. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకుని, కెమెరా తీసినచోటే పెట్టేశాను. (మరి నా బొమ్మ ఎక్కడ పడుతుందనుకున్నానో, నన్నడక్కు.)

కొండ మీద మనం పూలు పెట్టుకోం కదా, అందుకని మరునాడు పొద్దున ఇంట్లోనే పిల్లవాడికి గౌను తొడిగి, పూలజడ కుట్టి, ఆడపిల్లలా ముస్తాబు చేశారు. బావ ఒకే ఒక ఫోటో తీశాడు. మిగిలిన మూడూ గుండు తర్వాతకట. పూలు తీసేసి బయలుదేరాం. బస్సులో నాయనకు కెమెరా పాఠం చెబుతూ బావ అన్నాడు: “తిప్పకుండా ఇంకోసారి నొక్కితే మామా, దాని మీదే ఇంకో బొమ్మ పడతాది. రెండూ పోతాయి.”

నేను నొక్కి, తిప్పకుండా వదిలేసింది ఆ తొమ్మిదో నంబరునే కదా! పూలు లేకపోయినా జుట్టు ఇంకా ఉంది. ఇప్పుడు చెబితే ఇంకో ఫోటో తీయొచ్చు. కానీ నాయన పక్కనే ఉన్నాడు. ఈ మలుపులో చెబుదాం, వచ్చే మలుపులో చెబుదాం అనుకుంటూనే కొండెక్కేశాను. మంగలి కత్తి తీసినప్పుడు మాత్రం చెబుదామని నోరు తెరిచాను. “ఏమే, కళ్లు తిరగతా ఉండాయా?” అంది అక్క. అవునని తల ఊపాను. మొదటి కుచ్చు రాలింది.

ఆ తర్వాత వారం రోజులు నాకు అన్నం సయించలేదు. అక్కావాళ్లు ఊరికి వెళ్లే రోజు బావ ఫోటోలు తెచ్చాడు. పూలజడ మీద, పిల్లవాడంత సాలెపురుగు కాళ్లు బారజాపుకుని ఉంది. అక్క ఏడ్చేసింది. ఇదంతా స్టూడియో ఆయన నిర్వాకమేనని బావ కొట్లాటకు బయలుదేరాడు. పాపం, ఆ పెద్దాయన ఏమీ ఎరగడు. గడప దగ్గర అడ్డంగా నిలబడ్డాను.

“ఆయప్పను ఏమీ అనొద్దు బావా. ఆ పురుగు మన కనకాంబరాల్లోదే. నేనే తీసినాను.”

నాయన లేచాడు. బావే చెయ్యి అడ్డం పెట్టాడు. అక్క మాత్రం కళ్లు తుడుచుకుని, “ఎంట్రుకలు మళ్లా వస్తాయిలే. ఆ పుట్టుజుట్టు మళ్లా రాదు గదే” అంది. నాయన రెండు తగిలించి ఉన్నా బాగుండేది.

నేనూ వెక్కి వెక్కి ఏడ్చాను. కానీ పాపా, ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి, ఇదీ రాసుకో. ఆ ఏడుపులోనే ఫోటోను కంటికి దగ్గరగా పెట్టుకుని కాళ్లు లెక్కపెట్టాను. ఎనిమిదీ పడ్డాయి. ఏడుస్తూ లెక్కపెడుతున్న ఆ పిల్లను గట్టిగా తిడదామని ఎన్నోసార్లు అనుకున్నాను. నవ్వొచ్చేస్తుంది.