ఆఖరి వరుసలో కప్ప కారు

మిగతా ఊళ్లలో వాన రాబోయే ముందు మట్టి వాసన వస్తుందంటారు. మా పటాన్‌చెరులో మబ్బు కిందికి దిగిన సాయంత్రం మందుల కంపెనీల వైపు నుంచి గొంతులో గీరుకునే ఒక ఘాటు వాసన కిటికీల్లోంచి లోపలికి దూరేది. ఇప్పుడు మునుపటంత లేదు, ఏడాదికి నాలుగైదుసార్లు వస్తే గొప్ప. వచ్చిన రోజు ఇంట్లోవాళ్లు తలుపులు బిగించుకుంటారు, నేను కిటికీ తెరిచి నిలబడతాను. ఆ వాసనలో నాకు యాదన్న దుకాణం, దుకాణంలో టీవీ, టీవీలో కళ్లు పైకి లేపుకుని మలుపు తిరిగే నా తెల్ల కారు కనిపిస్తాయి. వాటి వెంటే కోపమూ వస్తుంది. ఇరవై ఏళ్లు దాటినా అది చల్లారలేదు, చల్లార్చుకోవాలని నేనూ అనుకోలేదు.

అప్పుడు నాకు పదకొండేళ్లు. నాన్న లారీ మీద పోతే వారానికిగానీ వచ్చేవాడు కాదు. అమ్మ మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పనికి పొద్దున్నే పోయేది, పోతూ పోతూ గిన్నెలో అన్నం, పచ్చిపులుసు మూతపెట్టి, ఎండాకాలం సెలవుల్లో నేను ఒంటరిగా ఉంటానని మా కిరాయి ఇళ్ల వరస చివర వీడియోగేముల దుకాణం నడిపే యాదన్నకు నన్ను అప్పజెప్పేది. "జెర మా పోరిని సూడు యాదన్నా, ఎండల తిరుగుతది" అనేది. యాదన్న మంచివాడని వాడకట్టంతా అనేది, నేనూ అన్నాను. మధ్యాహ్నం తాటిముంజలు కొంటే రెండు నా చేతిలో పెట్టేవాడు, గిరాకీ లేనంతసేపూ ఊరికే ఆడుకోనిచ్చేవాడు.

ఉన్నది ఒక్కటే కార్ల పందెం ఆట, అదీ హైదరాబాదు నుంచి తెచ్చిన దొంగ డిస్కు. అందులో రాతలన్నీ జపాను భాషలోనే ఉండేవి. చదవడం రాదు కాబట్టి మేమంతా వరసలు లెక్కపెట్టుకుని ఆడేవాళ్లం. కిందికి రెండు, కుడికి ఒకటి, గుండ్రం గుర్తున్న మీట నొక్కితే పందెం. కిందికి మూడు, గుండ్రం నొక్కితే టైర్లు. పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు దీన్ని ఒకరికొకరు అప్పజెప్పేవాళ్లు, కొత్తగా ఒక దారి కనుక్కున్నవాడు రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఏడిపించేవాడు. గెలిచిందంతా దాచిపెట్టే మెమరీ కార్డు పేజీలో ఆఖరి వరుస ఏం చేస్తుందో మాత్రం నాకు ఒక్కదానికే తెలుసు. సెలవుల మొదటి వారంలో తెలియక దాన్ని నొక్కి, అప్పటిదాకా గెలిచిందంతా తుడిచేసుకున్నాను. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

కార్డు నా సొంతం. నాన్న బొంబాయి నుంచి తెచ్చిన బూడిదరంగు మెమరీ కార్డు అది, దాని మీద అమ్మ కంపెనీ నుంచి తెచ్చిన తెల్ల స్టిక్కరు అంటించి స్కెచ్ పెన్నుతో 'మమత' అని రాసుకుని యాదన్న సొరుగులోనే ఉంచేదాన్ని. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి, ఆటలో దొరికే పాత బండ్ల వరసలో అన్నింటికంటే చవకైన రెండు తలుపుల జపాను కారు తీసుకున్నాను. మామూలుగా చూస్తే ముక్కు చప్పిడిగా ఉండేది, సొరంగంలోకి పోగానే రెండు దీపాలూ బానెట్ మీదికి కళ్లలా లేచేవి. పోరగాళ్లు దానికి కప్ప అని పేరు పెట్టి నవ్వారు. కరెంటు పోయి ఫ్యాను ఆగిన పూట చెమటలు కారుతూ కరెంటు కోసం కాచుకుని, మామిడికాయ ముక్కకు ఉప్పూకారం అద్దుకుని నంజుకుంటూ, బొటనవేలు మీద బొబ్బ లేచి పగిలి గట్టిపడేదాకా ఆడి, గెలిచినదంతా దాని ఇంజనుకే పెట్టాను. మృగశిర కార్తె వచ్చేసరికి కప్పను కొట్టే బండి మా వాడలో లేదు. సాయంత్రం నేను కూర్చుంటే వెనక పిల్లలు నిలబడి చూసేవాళ్లు, నవ్వినవాళ్లే 'మలుపుల బ్రేకు ఎప్పుడు ఒత్తుతవే' అని అడిగేవాళ్లు. మా ఇళ్ల వరసలో నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు.

ఒకరోజు పొద్దున యాదన్న బల్ల మీద నిజమైన స్టీరింగు ఉంది. కింద రెండు పెడల్స్, నడుమ ఎర్ర గుండీ. "నీ కప్పకు తెచ్చిన బిడ్డా, కూసో" అన్నాడు. నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. సొరుగు తెరిస్తే కార్డు లేదు. "రిపేర్‌కిచ్చిన, వస్తది తియ్" అని మొహం తిప్పుకున్నాడు. ఆ రోజంతా వేరే బండితో ఆ స్టీరింగు తిప్పాను, ఆనందంగానే తిప్పాను. అదే నాకు ఇప్పటికీ మంట.

సాయంత్రం ఆ ఘాటు వాసనతోపాటే మేనేజర్ల క్వార్టర్స్ నుంచి, ఇంట్లోనే ఇదే ఆట ఉన్న వికాస్ అనే పిల్లవాడు వచ్చాడు. "అంకుల్, కారు కనబడటం లేదు, అన్నీ జపాన్ లెటర్సే" అని చేయి చాపాడు. చేతిలో నా కార్డు ఉంది. స్టిక్కరు గోకేసినచోట జిగురు ఇంకా నల్లగా అంటుకుని ఉంది. యాదన్నకు ఆ వరసలు నోటికి రావు. నా వైపు చూడకుండా, "మమతా, జెర సూపియ్యి పిలగానికి" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ స్టీరింగు ఎక్కడినుంచి వచ్చిందో, దానికి బదులు ఏం పోయిందో.

 కార్డు పెట్టి, కప్పను తెర మీదికి తెచ్చి, ఒక్క చుట్టు తిప్పి చూపించాను. సొరంగంలో దాని కళ్లు లేచాయి, వికాస్ చప్పట్లు కొట్టాడు. తర్వాత నోటుబుక్కులో కాగితం చింపి, బాణాలు, గుండ్రాలు గీసి ఇచ్చాను. కార్డు పేజీ తెరువు, ఆఖరి వరుసకు దిగు, గుండ్రం, ఎడమకు ఒకటి, మళ్లీ గుండ్రం.

"గిది ఒత్తితే ఇంక ఫాస్ట్ ఉర్కుతది. ఇంటికి పోయినంక ఒత్తు" అన్నాను.

"థాంక్యూ అక్కా" అన్నాడు. ఆ పిల్లవాడి తప్పేమీ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడూ తెలుసు. నా కప్ప వాడి చేతిలో తిరగడం కంటే ఎవరి చేతిలోనూ లేకపోవడమే నాకు కావాలి. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

మర్నాడు వికాస్ ఏడ్చుకుంటూ వచ్చాడు, వెనక వాళ్ల డ్రైవరు వచ్చాడు. కారు లేదు, కార్డు ఖాళీ, స్టీరింగు తిరిగి ఇమ్మన్నాడు. కాగితం సంగతి వికాస్ చెప్తాడని పోరగాళ్ల వెనక్కి జరిగాను, వాడు మాత్రం తనే ఏదో తప్పు నొక్కానని అనుకున్నాడు. అందరి ముందు యాదన్న వైర్లు విప్పి స్టీరింగు మోసుకుపోయి వాళ్ల జీపులో పెట్టాడు. దానికోసం వరస కట్టిన పోరగాళ్లంతా ఆయన్ను చూసి కిసకిసలాడుతుంటే నా కడుపు చల్లబడింది. ఖాళీ కార్డు నా చేతిలో పెట్టి, "మల్ల ఆడుకో బిడ్డా" అన్నాడు. నేను మళ్లీ ఆ గడప తొక్కలేదు. అమ్మ ఎందుకని అడిగితే బోర్ కొడుతోందన్నాను.

చాలా ఏళ్లకు, కంపెనీ స్టోర్స్‌లో కంప్యూటరు పనికి చేరాక, ఆ జపాను పేజీ బొమ్మ ఇంటర్నెట్‌లో ఎక్కడో చూశాను, పక్కనే దాని అర్థం కూడా ఉంది. ఆఖరి వరుస చెరపడానికి. దానికి సరిగ్గా పైన ఉన్నది ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు నకలు ఎక్కించడానికి. ఒక్క వరుస పైన ఆగి ఉంటే యాదన్నకు స్టీరింగు, వికాస్‌కు కప్ప, నాకు కప్ప. ముగ్గురిలో ఎవరికీ ఆ రాత చదవడం రాదు. తెలిసినా నేను ఒప్పుకునేదాన్ని కాదేమో, నన్ను అడగలేదుగా.

పోయిన నెల భానూర్‌లో ఒక పెళ్లిలో యాదన్న కనిపించాడు. జుట్టంతా నెరిసింది. గేముల దుకాణం ఎప్పుడో పోయింది, ఆ షట్టర్‌లో బిర్యానీ అమ్ముతున్నారు, మా కిరాయి ఇళ్ల చోట మూడంతస్తుల హాస్టలు లేచింది. నా చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"నీ కార్డు నీకు జెప్పకుండ ఇచ్చిన బిడ్డా. ఆ పిలగాడు ఏం ఒత్తిండో, నువ్వు ఎండకాలమంత ఆడింది మొత్తం పాయె. నిన్ను యాది జేసుకున్నప్పుడల్ల పాణం గుంజుతది. నా వల్లనే పోయింది."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. చెరిపింది నేనేనని ఒక్క మాట చెప్తే ఇరవై ఏళ్ల బరువు అక్కడికక్కడే దిగిపోయేది, బహుశా ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. స్టిక్కరు గోకేసిన ఆ జిగురు గుర్తొచ్చింది.

"బువ్వ తిన్నవా యాదన్నా?" అని అడిగి, ఆయన్ను భోజనాల బంతిలో కూర్చోబెట్టి వచ్చేశాను.