గీత పెట్టని నవ్వు

రోడ్ల మీద వంటలు, బడులకు తాళాలు, బస్సు వస్తుందో రాదో తెలియని ఆ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో ఊరంతా పోరాటంలో ఉంటే, నేను మాత్రం సినిమా హాల్లో కూర్చుని జనం ఎప్పుడు నవ్వుతారో రాసుకునేవాణ్ణి. మానవశాస్త్రంలో ఎమ్మే చదువుతున్నాను మరి. (జనగామలో మా బాపుకు బట్టల దుకాణం. "మావోడు మనుషుల సదువు సదువుతుండు" అని గర్వంగా చెప్పేవాడు. అదేదో డాక్టరీ అనుకుని కొందరు నాకు మోకాళ్ల నొప్పులు చెప్పుకునేవాళ్లు.)

ఒక సినిమాలో పనివాడొకడు అచ్చం మా బాపులా, మా యాసలోనే మాట్లాడతాడు. వాడు నోరు తెరిస్తే చాలు, హీరో ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఉద్యమం వచ్చాక కూడా మన జనం వాణ్ణి చూసి నవ్వుతున్నారా అన్నది నా పరిశోధన. నవ్వు వినబడితే నోటుబుక్కులో ఒక గీత. మూడు ఊళ్లు తిరగకపోతే పాస్ చెయ్యనని మా సారు ముందే చెప్పారు. అన్నిచోట్లా అదే సినిమా కావాలి కనుక రీళ్ల డబ్బా వెంటపడ్డాను. జనగామ, మహబూబాబాద్, ఆపైన భూపాలపల్లి. డబ్బా మోసే అన్నా నేనూ ఒకే బస్సు, ఒకే సీటు.

జనగామలో మొదటి రోజు ఊరికే చూశాను. మర్నాటి నుంచి వెనక వరుసలో నోటుబుక్కు తెరిచి కూర్చుంటే ఒక్కరు నవ్వితే ఒట్టు. మహబూబాబాద్‌లో ఒక ముసలాయన నవ్వబోయాడు కానీ, పక్కవాడు మోకాలు గిల్లడంతో అది దగ్గయింది. ("దగ్గు" అనే రాసుకున్నాను, నిజాయితీ కదా.) భూపాలపల్లిలో అదీ లేదు. నా జాతి మేలుకున్నదని కళ్లు చెమర్చి, ఆత్మగౌరవం మీద నలభై పేజీలు రాసేశాను.

సారుకు ఇచ్చే ముందు జనగామ హాల్లో టికెట్లు చింపే గేటన్నకు నాలుగు మంచి మాటలు చెబుదామని వెళ్లాను.

"అన్నా, మన జనం మారిండ్రే."

"ఏడ మారిండ్రు తమ్మీ. నవ్వెటోళ్ల పేర్లు రాసుకపోయి ఉద్యమంల తిరిగెటోళ్లకు ఇస్తున్నవని అందరు పరేషాన్ అయిండ్రు. డబ్బా మోసెటాయన ఊరూరికి గదే చెప్పిండు. నువ్వు ఒంటికి లేసిపోంగనే హాలంత ఒక్కపారే నవ్విండ్రు, పాపం, ఎంతసేపు ఆపుకుంటరు."

నా నలభై పేజీలు కళ్లముందు తిరిగాయి. సారు ముఖమూ తిరిగింది.

"మరి నేను రాయకముందు, మొదటి దినం?"

"నవ్విండ్రు. అందరికన్న గట్టిగ నవ్వింది ఎవలో ఎరికేనా? మూడో వరుసల నువ్వే. గేటు కాడికెల్లి చూసిన."

నిజమే, పొట్ట పట్టుకుని నవ్వాను. తెర మీద పనివాడు "బువ్వ తిన్నవా బిడ్డా" అన్నప్పుడు.

ఇంటికి వచ్చేసరికి బాపు దుకాణంలో బట్టల తాను చుడుతున్నాడు. తలెత్తి, రోజూ అడిగే మాటే అడిగాడు. "బువ్వ తిన్నవా బిడ్డా?" తిన్నానని అబద్ధం చెప్పాను.

ఆ నలభై పేజీలు మాత్రం అక్షరం మార్చకుండా ఇచ్చాను. ఫస్ట్ క్లాసు వచ్చింది. ఇప్పుడు బాపు లేడు, ఆ మాట అడిగేవాళ్లూ లేరు. నోటుబుక్కు ఉంది. ఎప్పుడైనా దాన్ని తీసి, మొదటి రోజు ఖాళీ పేజీలో నా పేరు మీద ఒక గీత పెడదామనుకుంటాను. పెన్ను పట్టుకోగానే నాకే నవ్వొస్తుంది.